తోడేలు వంతు

జడ్చర్ల ఉజ్మాకు కోపం ముక్కు మీదే ఉంటుందని జూలో అందరూ అంటారు. ఆ కోపం ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ అడగరు. కల్వకుర్తి దారిలో కొత్తగా పెట్టిన ఆ చిన్న జూలో జంతువుల ఆవరణలు, వాటి ముందు బోర్డులు ఎట్లా ఉండాలో గీసి కట్టించడం ఆమె ఉద్యోగం. జనం వచ్చి, చిరుతను చూసి ఈల వేసి, పల్లీలు నములుతూ పోతే ఆమెకు ఒళ్లు మండుతుంది. అంతరించిపోతున్న ప్రాణిని చూసినవాళ్లు ఇంటికి పోయాక కూడా దాన్ని ఒక్కసారైనా తలుచుకోవాలని ఆమె పట్టుదల.

ఈ ఎత్తు నేలల్లో మందల వెనకే తిరిగిన తోడేలు ఇప్పుడు కనపడటమే గగనమైపోయింది. దాని ఆవరణ గీసే ముందు ఉజ్మా గొర్రెల కాపరి గుర్వయ్యను కలిసింది. తన పొట్టేలును తోడేలు తినేసినా ఆయన నోట తిట్టు రాలేదు.

"మందల దాని వంతు దానికుంటది బిడ్డా. మా నాయిన గూడ గదే అంటుండె. తిన్నదని ఎంటవడి సంపుతమా?"

ఆ పొట్టేలు మెడలోని గంటను ఆమె చేతిలో పెట్టాడు.

ఉజ్మా ఆ మాటనే కట్టించింది. సందర్శకులు కూర్చోవడానికి తుమ్మకంప చుట్టిన గొర్రెల దొడ్డి. కంప సందులోంచి చూస్తే అవతల గడ్డిలో తోడేలు. గుమ్మానికి గంట కట్టి, కింద 'మందలో దాని వంతు దానికుంది' అని రాసింది. ఒక్కసారి మోగించి, నెమ్మదిగా కూర్చుని ఆ మాట తలుచుకుంటారనుకుంది.

కానీ ఆ ఆడ తోడేలు మందల మధ్య తిరిగి, కాలు విరిగి జూకు చేరింది. దానికి గంట మోగితే గొర్రెలు వచ్చినట్టే. గడ్డిలోంచి లేచి కంచె దగ్గరికి ఉరికొచ్చింది. ఇది ముందే తట్టనందుకు ఉజ్మా తనను తానే తిట్టుకుంది.

జనానికి మాత్రం పండగే. గణగణ వాయించడం, అది రాగానే సెల్ఫీ దిగడం, మళ్లీ వాయించడం. కంచె పొడుగునా తిరిగి తిరిగి తోడేలు చిక్కి సగమైంది. పెట్టిన మాంసం కూడా ముట్టడం మానేసింది.

ఉజ్మా గంట విప్పుకుని అధికారి సునీల్ ముందుకు పోయింది.

"గొర్లు కాసేటోళ్లు వంతన్న ఇడిసిపెట్టిన్రు సార్. మనం పిలిచి ఉత్త చేతులు చూపెడుతున్నం."

"జనం దానికోసమే వస్తున్నరమ్మా! నీ గంట నువ్వు తీస్కపో. నేను వేరే ఏర్పాటు చేస్త."

మర్నాడు గుమ్మం దగ్గర ఎర్రటి స్విచ్, పైన స్పీకర్ వెలిశాయి. నొక్కితే గంట చప్పుడు. ఆమె రాసిన మాట మీద ఒక చెయ్యి ఆనించి మరీ నొక్కుతున్నారు. ఉజ్మాకు కోపం ముంచుకొచ్చింది. సిగ్గు కూడా వేసింది. దొడ్డి కట్టించింది తనే కదా.

సాయంత్రం గేటు మూశాక కత్తెర తెచ్చి స్పీకర్ వెనక తీగను పుటుక్కున కత్తిరించింది.

"ఏమైందమ్మా తీగకు?" పొద్దున్నే సునీల్ మండిపడ్డాడు.

"ఎలుకలు కొరికినయి సార్."

బాగు చేయించారు. మళ్లీ కొరికాయి. కరెంటు పని చేసే ఎల్లేశం విసిగిపోయాడు.

"గివేం ఎలుకలు సార్, గీ ఒక్క తీగనే కొరుకుతున్నయి!"

తోడేలు మళ్లీ తింటోంది. గడ్డిలో దాని చెవులు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఏం కనవడ్తలేదు, పైసలు దండుగ" అని గొణుక్కుంటూ జనం వెళ్లిపోతున్నారు. బోర్డు చదివిన మనిషి ఇంకా ఒక్కరూ తగల్లేదు. ఉజ్మా పళ్లు నూరుకుంటూ కత్తెరను సంచిలో వేసుకుని జడ్చర్ల బస్సెక్కింది.