ఏడు నెలల అనుభవం

ఇస్నాపూర్‌లోని కిరాయి గదిలో కూర్చుని, ఎంబీఏకి దరఖాస్తు పెట్టాల్సిన కాలేజీల పేర్లు తొమ్మిది రాసుకున్నాను. ఎనిమిదింటికి కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలట. నాకేం భయం? బొల్లారం మందుల కంపెనీలో రెండున్నరేళ్లుగా మందులు తయారయ్యే రియాక్టర్ల దగ్గరే పనిచేస్తున్నాను.

అనుభవ పత్రం కోసం, నన్ను ఆ పనిలో పెట్టిన లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమస్తా ఏడు నెలలని రాసిచ్చాడు.

"రెండున్నరేండ్ల సంది చేస్తున్న గదన్నా!"

"పదకొండు నెలలకోపారి నిన్ను తీసేసి, పది రోజులకు మళ్ల కొత్తగ పెట్టుకుంటం. ఇప్పటి కార్డుకు ఏడు నెలలే అయినయ్, పాతది లెక్కకు రాదు. కొత్త కార్డు తీస్కున్నప్పుడల్లా సంతకం నువ్వే జేసినవ్. పరేషాన్ జెయ్యకు, ఎనక మంది ఉన్నరు."

ఆ పది రోజులూ సెలవులనుకుని, ఊరెళ్లి హాయిగా పడుకున్న వెధవను నేనే.

గదికొచ్చి ఎనిమిది పేర్లూ కాగితం చిరిగేదాకా కొట్టేశాను. ఎందుకైనా మంచిదని అట్టడుగున రాసుకున్న కాలేజీ ఒక్కటే మిగిలింది. ఫోన్లో దాని ఫారం తెరిచాను. అనుభవం అన్నచోట రెండే గడులున్నాయి: ఏడాది దాటినవాళ్లకొకటి, ఫ్రెషర్లకొకటి.

ఇన్నాళ్లూ సాల్వెంట్ల రసాయనాలు తగిలి తగిలి, అరిగిపోయి ముద్ర కూడా పడని వేలితో, ఫ్రెషర్ అన్న గడి నొక్కాను.