బాబాయికి అర్థం కాని పోకర్

మా బాబాయికి పోకర్‌లో ఏది పెద్దదో, ఏది చిన్నదో గుర్తుండదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం టైలరు కొట్టు మేడమీద టైలరూ, లెక్కల మాస్టారూ, బాబాయీ, నేనూ నలుగురం ఆడతాం. ముక్కలు పంచడం పూర్తవగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పుట్టాక మొదటిసారి అన్నట్టు అడుగుతాడు.

"వరుసగా అయిదొస్తే గొప్పా, అయిదూ ఒకే గుర్తయితే గొప్పా?"

"ఒకే గుర్తే, గురూ," అని టైలరు పళ్ళు నూరుతాడు. "రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టుంది నీ వరస."

వింత ఏమిటంటే, బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. విప్పి పోసిన గడియారంలో ఏ చక్రం ఎక్కడిదో కళ్ళు మూసుకుని చెబుతాడు. పేక పట్టుకుంటే మాత్రం బుర్ర ఖాళీ. "పోనీలే, ప్రశ్నయినా మరిచిపోవడం లేదు," అంటుంది పిన్ని.

ఆ ప్రశ్నలతో తన గుట్టు తనే రట్టు చేసుకునేవాడు. ఒకసారి, "నాలుగు రాజులుంటే ఫుల్ హౌస్‌ని మించినట్టేనా?" అని అడిగాడు. మేం ముగ్గురం వెంటనే ముక్కలు పడేశాం. డబ్బులకి బదులు గుండీలు పందెం కాస్తాం కాబట్టి, అంత గొప్ప చేతికి ఆయన గెలిచింది మూడు గుండీలు.

చివరికి టైలరు విసిగి, కొలతల కాగితం మీద ఒక జత దగ్గర్నుంచి ఏది దేన్ని మించుతుందో అంతా పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు.

"నా వెనక గోడకి అంటించు," అన్నాడు బాబాయి.

"వీపుకి కళ్ళున్నాయా నీకు?"

"ఎదురుగా ఉంటే ధ్యాస చెదురుతుంది."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బాబాయి ప్రతి ఆటకీ మెడ తిప్పి చూసి, అయినా అడుగుతూనే ఉన్నాడు.

మొన్న లెక్కల మాస్టారు ఇంకా రాలేదని ఆయన కుర్చీలో కూర్చున్నాను. మాకు పోకర్ నేర్పింది ఆయనే. తలెత్తితే, బాబాయి తల పైన, నా కళ్ళకి సూటిగా ఆ కాగితం. అప్పుడు గుర్తొచ్చింది. బాబాయి మతిమరుపు మొదలైంది కూడా మాస్టారు జబ్బుపడి ఆస్పత్రి నుంచి వచ్చాకే.

"బాబాయ్, నీకన్నీ తెలుసు కదూ?"

"మెల్లగా అను. ఇంటికొచ్చిన వారమే ఆయన మూడు రాణులూ రెండు తొమ్మిదులూ వచ్చిన ఫుల్ హౌస్ పనికిరాదని పారేశారు. ముక్కలు ఏరుతూ చూశాను. మనకి నేర్పిన మనిషి మనల్నెలా అడుగుతారు? ఆ పూట వెళ్తూ వెళ్తూ, ఇక రానేమో అన్నారు కూడా."

"మేమంతా నిన్ను ఆట పట్టిస్తుంటే?"

"పట్టించండి. ఆయన వస్తున్నారుగా."

మెట్ల మీద చేతికర్ర చప్పుడయింది. మాస్టారికి కుర్చీ ఇచ్చి లేచాను. బాబాయి గొంతులో అమాయకత్వం విని ఇన్నాళ్ళూ నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

ముక్కలు పంచారు. బాబాయి యథాప్రకారం అడిగాడు. మాస్టారు తాపీగా తలెత్తి, గోడ వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఒకే గుర్తు గొప్పది. దాన్ని మించింది ఫుల్ హౌస్. ఇదుగో, ఇలా ఉంటుంది," అని అయిదు ముక్కలూ పరిచి, గుండీలన్నీ ఊడ్చుకున్నారు.

"వచ్చే వారానికి నేర్చేసుకుంటాను మాస్టారూ," అన్నాడు బాబాయి.

"నువ్వా? నేనొక్క వారం మానేస్తే నీ గతేమిటయ్యా? ఈసారి అరగంట ముందే వస్తాను. ఒక జత దగ్గర్నుంచి మళ్ళీ మొదలెడదాం."

బాబాయి బుద్ధిగా తలూపాడు.