అద్దాల తెరచాప

సముద్రాన్ని ఏనాడూ కళ్ళారా చూడని హమీద్, ఇల్లందులో మంచాలూ తలుపులూ చేసే ఆ వడ్రంగి, మూడు వందల ఏళ్ళనాటి యుద్ధనౌకను అసలుదానిలో నలభయ్యవ వంతుగా, బారెడు పొడవున, టేకు పేళ్ళతో నిర్మించాడు. ఫోనులో బొమ్మ చూస్తూ ఒక్కొక్క పేడునూ ఆవిరి పట్టి వంచాడు. ఖాళీ ఇత్తడి పెన్ను రీఫిళ్ళను ఫిరంగులుగా కోశాడు. ఆ మురిపెంలోనే నోరుజారాడు: “శుక్రవారం నమాజైనంక బజారందరి ముంగట నీళ్ళ మీద నిలబెడత. ఒరిగిందా, పొయ్యిల పెట్టుండ్రి!”

తెరచాపలకు అంచులు కుట్టమని తెల్లగుడ్డను లంబాడీ తండాలో ఉండే ద్వాలికి ఇచ్చాడు. ఉత్తగుడ్డను ఉత్తగానే తిరిగి పంపడం ఆమె సూదికి తలవంపు. శుక్రవారం తెచ్చిన తెరచాపల నిండా ఎర్రదారాలూ గవ్వలూ అద్దాలూ!

“ఏందక్కా గిది? గిది యుద్ధానికి పోయే ఓడ!”

“అయితేంది భాయ్? యుద్ధానికి బోడిగ పోతరా?”

వెనకటి రాజులు ఏనుగుకైనా ముఖపట్టం కట్టనిదే రణరంగానికి పంపేవారు కారు కదా. ఆ లెక్కన ఆమె వాదంలో దోషం వెతకడం కష్టమే. వేళ మించుతోంది. హమీద్ అవే కట్టి, దుకాణం వెనుక నీళ్ళతొట్టిలో నౌకను దించాడు.

అది ఎడమపక్కకు సోలిపోయింది.

“దుల్లాభాయ్, నీ ఓడ కల్లు తాగింది!” అంటూ బావమరిది పర్వేజ్ అగ్గిపెట్టె ఆడించాడు. బజారంతా గొల్లున నవ్వింది.

హమీద్ కత్తెర అందుకున్నాడు. అద్దాలు తెంపితే చాలు, బరువు తగ్గుతుంది. ద్వాలి కొంగు సర్దుకుని ముఖం తిప్పుకుంది. అతని చెయ్యి ఆగిపోయింది.

“కత్తెర అవతల పడేయి!” అని భార్య ఫిర్దోస్ వంటింట్లోంచి బొగ్గుల గంపతో ఉరికివచ్చింది. “నెత్తి బరువైతే కడుపు నింపాలె గని, గుండు గొరుగుతరా?”

నౌక పైతలుపు తెరిచి, అడుగున బొగ్గులు పేర్చారు. ఒక్కొక్క పిడికెడుకూ నౌక వెన్ను నిలుపుకుంటూ లేచింది. చివరి పిడికెడు పడగానే పెండ్లికొడుకులా నిటారుగా నిలిచింది. ఎండ తగిలిన అద్దాలు గోడల మీద, టోపీల మీద, పర్వేజ్ గడ్డం మీద వెలుగుచుక్కలను గిరగిరా తిప్పాయి. హమీద్ వాటితోపాటే తానూ తిరిగాడు. ద్వాలి నవ్వు తండాదాకా వినిపించి ఉంటుంది.

“ఆ అగ్గిపెట్టె గిట్లియ్యిరా పర్వేజ్! అందరికీ చాయ్ పెట్టిద్దాం.”

“దేనితోని పెట్టాలె?” అంది ఫిర్దోస్. “బొగ్గంత ఓడలనే ఉన్నది!”