గెలిచే ఓటింగ్‌ను వదులుకున్న మా ప్రధానమంత్రి కనక

నిన్న పొద్దున వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. కనక చెల్లెలు.

"అక్కా, కనకక్క పోయింది."

"యాడికి పోయిందే?" అన్నాను. నిజంగానే అడిగాను.

అవతల ఏడుపు వినిపించాక గానీ అర్థం కాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

కనక నా స్కూల్ ఫ్రెండ్. ఎనభైల మొదట్లో తిరువళ్ళూరు గర్ల్స్ హైస్కూల్లో ఒకే బెంచీ మాది. వాళ్ళది అదే ఊళ్ళో మగ్గాల ఇల్లు. నేను కడంబత్తూరు నుంచి రైల్లో వచ్చేదాన్ని.

రైలు లేటైతే మాలాంటి రైలు పిల్లల్ని గేటు బయట ఎండలో నిలబెట్టేవాళ్ళు. ఫస్ట్ పీరియడ్ అయ్యేదాకా.

పదో క్లాసులో సోషల్ టీచర్ మాతో మాక్ పార్లమెంట్ పెట్టించారు. ఓట్లేసి కనకను ప్రధానమంత్రిని చేశాం. "ప్రధానమంత్రి అంటే రాణి కాదు. సభకు నమ్మకం ఉన్నంత వరకే ఆ కుర్చీ. మంత్రులు చేసినదానికీ చెయ్యనిదానికీ జవాబు తనే చెప్పాలి" అన్నారు టీచర్.

మాకు అది పాఠం. కనకకు అది ఉద్యోగం!

రిహార్సల్లో అపోజిషన్ వాళ్ళు రైలు పిల్లల గేటు సంగతి అడిగితే, "స్కూల్ డే లోపల మార్పిస్తాను" అని సభలోనే మాటిచ్చేసింది. హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి అడిగింది కూడా. ఆటను ఆటగా ఉంచమని ఆవిడ పంపేశారు.

స్కూల్ డే వచ్చింది. ఎదురుగా తల్లిదండ్రులు, ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్. అపోజిషన్ అవిశ్వాస తీర్మానం పెట్టింది. టీచర్ రాసిచ్చిన ప్రకారం కనక పక్షం మేం గెలవాలి.

కనక లేచింది. రైలు పిల్లలకు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయానని, మంత్రుల తప్పేమీ లేదని మా స్కూల్ భాష అరవంలోనే చెప్పి, రాజీనామా చేసి స్టేజి దిగేసింది.



తెర వెనకాల కూర్చుని కనక ఒకటే ఏడుపు. "ఏమే, గెలిచేదాన్ని ఇట్ల చేసినావేమే?" అన్నాను.

"నువ్వు గేటు బయట నిలబడుకోనుంటే, నేను లోపల ప్రధానమంత్రి అని ఎట్ల కూర్చుంటానే?" అంది.

తర్వాతి సోమవారం రైలు లేటు. భయపడుతూ వెళ్ళాం. వాచ్‌మన్ గేటు తీశాడు. పెద్ద మేడం చెప్పారట!

ఆ క్రెడిట్ కనక దిగాక ఆ కుర్చీ ఎక్కిన కొత్త ప్రధానమంత్రికి పోయింది. క్లాసులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మాత్రం కనకే.

తర్వాత పెళ్ళై తిరుత్తణి వెళ్ళింది. ఆడపడుచు పెళ్ళిలో వంటాయన పాయసం మాడ్చేశాడు. అందరూ ఆయన మీద పడబోతే, ఈమె పంక్తి మధ్యలో నిలబడి, "అడుగంటింది. చూసుకోవాల్సింది నేను. అప్పళం ఇంకొకటి ఏసుకోండి" అంది. తిట్టడానికి వచ్చినవాళ్ళే నవ్వి ఆకుల ముందు కూర్చున్నారు.

అంతే. మళ్ళీ ఏ పదవికీ పోటీ చెయ్యలేదు. ఫోన్లో నేను "పీఎం గారూ" అంటే సిగ్గుపడేది.

నిన్న సాయంత్రం తిరుత్తణిలో చాలాసేపు తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంత చల్లటి చెయ్యి కాదు కనకది.

పోయిరా కనకా. నువ్వు ప్రశాంతంగా ఉండాలి. మీ ఆయనకు, పిల్లలకు ఈ దుఃఖం ఓర్చుకునే బలం రావాలి.