మాట వినని పల్చటి అద్దం

నిన్న మా మేనకోడలు ఫోనులో ఒక వీడియో చూపించింది. పల్చటి పొరతో చేసిన అద్దపు వంపును ఒక కంప్యూటరు క్షణక్షణమూ కొలిచి, తనంతట తానే సరిదిద్దుతోంది. "ఎంత ఈజీయో చూశావా అత్తా!" అంది. నాకు ఒళ్లు మండింది.

ఎన్నో ఏళ్ల కిందట రాజమండ్రిలో ఒక కాలేజీ లేబొరేటరీలో అదే పని చేతులతో చేస్తూ నేను పడ్డ అవస్థ దానికేం తెలుసు? వెండిలా మెరిసే ప్లాస్టిక్ పొరను డప్పు మీది తోలులా ఇనుప చక్రానికి బిగించి, వెనక నుంచి పంపుతో గాలి తోడేస్తే, పొర లోపలికి వంగి పుటాకార దర్పణమవుతుంది. ఎంత గాలి తీస్తే ఎంత వంగుతుందో లెక్కకట్టడమే నా పరిశోధన. లెక్కలు చూసి మా మాస్టారు మురిసిపోయారు గాని, అద్దం మాత్రం ససేమిరా అంది. అద్దం మీంచి తిరిగొచ్చే బల్బు వెలుగు కాగితం మీద చుక్కలా పడాల్సింది పోయి, నలిపేసిన మల్లెమొగ్గలా సాగేది. పొద్దున్న సరిచేస్తే మధ్యాహ్నం ఎండకు పొర వదులయ్యేది, కరెంటు పోతే పంపు ఆగి మొత్తం చదునైపోయేది.

"లెక్క ఒప్పుకున్నాక అద్దానికేంటమ్మా అభ్యంతరం?" అనేవారు మాస్టారు.

"అది మీ మాటా వినదు, నా మాటా వినదండి!" అని విసుక్కునేదాన్ని.

చివరికి ఆయన, వేసవి సెలవుల్లోగా తేలకపోతే విషయం మార్చుకోమన్నారు. అప్పటిదాకా పడ్డ కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. ఆ ఉక్రోషంతో లెక్కలు మొదటినుంచీ తిరగేస్తే, పొర అన్నివైపులా సమానంగా బిగిసి ఉందని మేమిద్దరం ముందే అనుకుని కూర్చున్నామని తెలిసింది. నిజానికి అది ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు. ఆ తేడాను లెక్కలో చేర్చి, అంచు చుట్టూ మరమేకులు పెట్టించి, ఒకటి బిగిస్తూ ఇంకొకటి వదులు చేస్తూ, వెలుగు చుక్కలా కుదిరేదాకా వదల్లేదు.

అద్దాన్ని కిటికీ వైపు తిప్పి మాస్టారిని పిలిచాను. ఆయన పట్టుకున్న తెల్లకాగితం మీద గోదావరి వంతెన తలకిందులుగా, దానిమీద రైలు, పెట్టె పెట్టె వేరువేరుగా కదిలిపోతూ కనిపించాయి.

"ఎక్కడా వంకర పోలేదమ్మా," అన్నారు మెల్లగా. అంతలో కరెంటు పోయింది. వంతెన కరిగిపోయింది. నేను పళ్లు కొరికాను, ఆయన నవ్వేశారు. "పోనీలేమ్మా, ఇద్దరం చూశాం కదా!"

నా పరిశోధన గట్టెక్కింది. మాస్టారు ఇప్పుడు లేరు. ఇవాళ్టి యంత్రాలు తప్పును మన కంట పడకముందే దిద్దేస్తున్నాయి, సంతోషమే. ఆ తప్పెక్కడుందో తేలేదాకా నెలల తరబడి నాతో వాదించే మనిషే దొరకడం లేదు.