దుప్పటి మూటలో కార్బురేటరు

ఊళ్లో అందరికీ ఆమె స్పానరత్త. వాళ్లింటి కారు చెడిపోతే మెకానిక్ పట్నం నుంచి రావాలి. ఆయనగారు "రేపొస్తా" అంటే ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. ఎదురుచూసి చూసి విసిగిపోయి, ఒకరోజు ఆమే నడుం బిగించి బానెట్ ఎత్తింది. అప్పటినుంచీ ఆ పాత కారుకి డాక్టరూ నర్సూ ఆమే.

కాంపౌండరు మాత్రం మొగుడు. ఒకప్పుడు మంచి టైలరు. "ఇక ఓపిక లేదు" అని మిషనుకి మూత పెట్టి కొన్నేళ్లయింది. ఆమె విప్పి ఇచ్చిన ప్రతి ముక్కనీ ఆయన పాత దుప్పటి మీద వరసగా పరుస్తాడు. బిగించేటప్పుడు చివర్నుంచి మొదటికి అందిస్తాడు. ఆ దుప్పటి దాటడానికి ఇంట్లో పిల్లికి కూడా అనుమతి లేదు. కారు నడిపేటప్పుడూ పని పంపకం ఉంది. ఆమె చెవులు ఇంజనుకి, ఆయన కళ్లు రోడ్డుకి. "గుంత, ఎడమకి" అని ఆయన అనడమే ఆలస్యం, ఆమె తిప్పేస్తుంది.

తెల్లారితే పట్నం ఆసుపత్రిలో ఆయన కంటికి ఆపరేషన్. కుడికన్ను కాస్త మసకేసిందన్నాడు. ఆ డాక్టరు వచ్చేదే అరుదు, ఈ తేదీ తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఇటువైపు బస్సులు తిరగవు. సరిగ్గా అప్పుడే కారుకి దగ్గు పట్టుకుంది, ఎత్తు ఎక్కమంటే మొరాయిస్తోంది. పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటర్లో చెత్త చేరిందని ఆ చప్పుడు వినగానే ఆమెకి తెలిసిపోయింది.

మధ్యాహ్నం వాకిట్లో దాన్ని ముక్కముక్కలుగా విప్పింది. స్ప్రింగులు, అక్కాచెల్లెళ్లలా ఒకే పోలికతో ఉన్న స్క్రూలు, పెట్రోలుని కొలిచి వదిలే రెండు ఇత్తడి జెట్లు, అన్నీ దుప్పటి మీదకి చేరాయి. కడగడానికి పెట్రోలు డబ్బా కోసం ఆమె లోపలికి వెళ్లింది. అంతలో టపటపా చినుకులు. ఆమె అరవబోయేలోపే మొగుడు దుప్పటి నాలుగు కొసలూ కలిపి మూట కట్టి, గబగబా లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క చుక్క పడనిచ్చానేమో చూడు!" అన్నాడు గర్వంగా.

ఆమె మూట విప్పి తల పట్టుకుంది.

"వరస ఏదండీ? నా ఖర్మ, వరస ఏదీ! పొడుగు స్క్రూ పొట్టి కంతలో పడిందంటే లోపల పగిలి ఊరుకుంటుంది. రేపు మిమ్మల్ని వీపున మోసుకెళ్లమంటారా?"

ఆయన మొహం చిన్నబోయింది. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు కడిగి బిగించు. నేను ఇస్తాను."

"ఎలా ఇస్తారు? ఏది ఏదో నాకే తెలియట్లేదు!"

ఆయన కుప్పలో చెయ్యి పెట్టాడు. బొత్తాలు ఏరినట్టు ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య దొర్లించి పక్కన పెట్టసాగాడు. "దీని కొసన చిన్న గాటుంది, నువ్వు ఆఖర్న విప్పింది. ఇది తల అరిగింది, మూతకి ఎడమ పక్కది." చివరికి జెట్లు రెండూ మిగిలాయి. ఆమె కళ్లద్దాలకి అవి కవలలే. ఆయన దారం కొస నాలుక మీద తడిపి ఒకదాని కంతలో దూర్చాడు. దూరిపోయింది. రెండోదాంట్లో అంచు దగ్గరే ఆగిపోయింది.

"దారం పట్టిందే పెద్దది."

ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చేతివిద్య తనదొక్కదానిదే అనుకుంది. తను విప్పిన ప్రతి మరా ఈయన వేళ్లలో దాగుందని ఎన్నడూ అనుకోలేదు. అప్పుడు గమనించింది, దారం దూర్చినప్పుడు కూడా ఆయన మొహం కిటికీ వైపే ఉంది. ఒక్కసారైనా చేతులకేసి చూసుకోలేదు.

"ఏవండీ, మసకేసింది కుడికన్నేనా?"

ఆయన వేళ్లు ఆగాయి.

"రెండూనూ. ఎప్పటినుంచో. చెప్తే నన్ను దుప్పటి దగ్గర కూర్చోనివ్వవేమోనని..."

ఆమెకి కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గ్రీజు చెయ్యి చాపింది.

"తర్వాతది ఇవ్వండి."

పొద్దున్నే మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. ఎత్తు మీద కూడా దగ్గలేదు. వంతెన దిగిన కుదుపు తగలగానే ఆయన ఎప్పట్లాగే నిటారుగా సర్దుకు కూర్చున్నాడు.

"గుంత, ఎడమకి."

ఆ గుంతని ఈమధ్యే పూడ్చేశారు. కొత్త తారు నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఆమె స్టీరింగు ఎడమకి తిప్పింది.