మూడు వందల అడుగుల తర్వాత

ఈ ఉదయం మా వెనక వీధిలో బోరు లారీ దిగింది. కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నానో లేదో, దాని కంప్రెసరు ఒక్కసారిగా గొంతెత్తింది. కాసేపటికల్లా తెల్లటి రాతిపొడి గాలిలో తేలుతూ వచ్చి మా దండెం మీది దుప్పట్ల మీదా, ఎండబెట్టిన మిరపకాయల మీదా, చివరికి నా కాఫీలోనూ పడింది. ఇంకెవరైనా అయితే ఉతికిన బట్టలు పాడయ్యాయని తిట్టుకునేవారు. నాకు మాత్రం అరచేతులు చెమట పట్టాయి. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకంతే. వెనక వీధివాళ్ళెవరో నాకు తెలియదు. అయినా ఆ ఇంటి ఆడమనిషి ఈపాటికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటుందనీ, ఒక్కో రాడ్డూ భూమిలోకి దిగుతుంటే లోపల్లోపలే లెక్క వేసుకుంటూ ఉంటుందనీ నాకు బాగా తెలుసు.

మేం ఇల్లు కట్టుకున్నది విజయనగరం ఊరి చివర, అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో. కట్టేటప్పుడు వేయించిన పాత బోరు లోతు తక్కువ. రెండు వేసవులు బుద్ధిగా నీళ్ళిచ్చి, మూడో వేసవికి మొండికేసింది. స్విచ్చి వేస్తే మోటారు ఉత్తినే మూలిగేది. అక్కణ్ణుంచి మాది ట్యాంకరు బతుకు. ట్యాంకరువాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. వచ్చిన పూట డ్రమ్ములూ, బకెట్లూ, పాల గిన్నెలూ అన్నీ నింపుకుని, రాని పూట ఒకరి మీద ఒకరం విసుక్కునేవాళ్ళం. మా అత్త పొందూరు పక్క పల్లెలో, వరి పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. పెద్ద చెంబుతో దబదబా పోసుకుంటే తప్ప ఆవిడకి స్నానం చేసినట్టుండదు. "మోకాల్లోతు నీల్లల్లో ఊడుపులు ఊడ్సినదాన్నే నాను. ముసిలితనంలో సెంబులు లెక్కెట్టుకుని పోసుకోవాలేటి?" అని రోజూ ఒకసారైనా దులిపేసేది. అదేదో నీళ్ళని నేనే దాచేసినట్టు.

అలాంటి వేసవిలో మా అమ్మాయి మొదటి పురిటికి శ్రీకాకుళంలోని అత్తారింటినుంచి మా ఇంటికొచ్చింది. ఏడో నెల. కారు దిగుతుంటేనే చూశాను, పాదాలు పొంగి చెప్పుల పట్టీలు కనబడటం లేదు. డాక్టరమ్మ బీపీ చూసి, మళ్ళీ చూసి, నన్ను పక్కకి పిలిచింది. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చునంది, ఆపరేషన్ తప్పకపోవచ్చునంది, బిడ్డని కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచాల్సి రావచ్చునంది. "డబ్బు సర్ది ఉంచుకోండమ్మా, అప్పటికప్పుడు పరిగెత్తకుండా" అని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పట్నుంచీ నా గుండె గుండెలో లేదు. మా దగ్గర ఉన్నదంతా కలిపితే ఆస్పత్రికి ఒక కట్ట, బోరుకి ఒక కట్ట అయ్యాయి. రెండూ బీరువాలో పక్కపక్కనే పెట్టాను. నీళ్ళు లేకుండా పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ ఇంట్లో ఎలా పెట్టుకోవాలన్నది ఒక భయం. బోరుకని తీసి ఆస్పత్రి కట్టకే ఎసరు పెట్టుకుంటామేమోనన్నది రెండో భయం. రెండు భయాలకీ మధ్య నాకు అన్నం సయించేది కాదు.

రెండో భయానికి కారణం మా ఆయన. మనిషి బంగారం. కానీ కొట్టుకెళ్తే కొట్టువాడి మొహం చిన్నబోకూడదన్నదే ఆయన బెంగ. నాలుగు చీరలు విప్పించాక ఒక్కటైనా తీసుకోకపోతే అతనేమనుకుంటాడే అంటారు. ఎగ్జిబిషన్‌కి వెళ్ళి కాళ్ళు నొక్కే మిషను కొనుక్కొచ్చారొకసారి. అది రెండు రోజులు నొక్కి మూడో రోజు మొరాయించింది. తర్వాత మా అత్త దాని మీద పళ్ళెం పెట్టి వడియాలు ఎండబెట్టుకునేది. అమ్మేవాడు "ఈ ఒక్క రోజే సార్" అంటే చాలు, ఆయనకి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళిపోతుంది. అందుకని బోరు సంగతి నేనే మీదేసుకున్నాను. కాలనీలో బోర్లు వేయించుకున్న ఇళ్ళన్నిటికీ వెళ్ళి, కూర్చుని, వాళ్ళిచ్చిన టీలు తాగి, ఎవరెవరు ఎక్కడెక్కడ దెబ్బ తిన్నారో కనుక్కున్నాను. పైమట్టి కూలకుండా దించే కేసింగ్ పైపుకి వేరే డబ్బులని నాకక్కడే తెలిసింది. నీళ్ళు పడినా పడకపోయినా తవ్విన ప్రతి అడుగుకీ ఇచ్చుకోవలసిందేనని తెలిసింది. అన్నిటికన్నా పెద్ద సంగతి, మూడు వందల అడుగులు దాటితే అడుగు రేటు మారుతుందట. అక్కణ్ణుంచి లోతుకెళ్ళేకొద్దీ పెరుగుతూ పోతుందట. బోరు లారీవాళ్ళ ఏజెంటు మోటారు సైకిలు మీద వచ్చినప్పుడు ఇవన్నీ ఒక్కొక్కటే అడిగాను. "మీకెందుకు మేడమ్ బెంగ, రెండొందల్లోనే పడిపోతాయి" అని నవ్వాడు. పడకపోతే ఎంతవుతుందో చెప్పమన్నాను. నవ్వు తగ్గించి చెప్పాడు.

ఆ సాయంత్రం నలుగురం కూర్చుని ఒక మాట అనుకున్నాం. మూడు వందలు. ఆ పైన ఇరవై అడుగుల రాడ్డు ఒక్కటి కూడా వద్దు. "అమ్మతోడు, అక్కడితో ఆపించేస్తాను" అన్నారు మా ఆయన. పక్కనే ఉన్న మా అత్త ఉలిక్కిపడి, "ఒరే, ఒట్టు నామీద ఎందుకేస్తావురా? నీ పెల్లాం మీదేసుకో" అంది. అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. అది వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

నీళ్ళు చూసే ఆయన వచ్చి పాయింటు పెట్టాడు. అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని పెరడంతా తిరుగుతుంటే, ఒకచోట ఆ కాయ లేచి నిటారుగా నిలబడింది. నిలబడిన చోటు సరిగ్గా నా కరివేపాకు చెట్టు మొదలు. మూడేళ్ళు మజ్జిగ పోసి పెంచుకున్న చెట్టు. ఇంకొంచెం పక్కకి రాదా అనడిగితే ఆయన నాకేసి జాలిగా చూశాడు. చెట్టు కొట్టించేశాం. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. పసుపూ కుంకుమా పెట్టి, కాయ కొట్టి, అగరొత్తులు వెలిగించాం. మొదట ఎర్రమట్టి లేచింది, తర్వాత పసుపుపచ్చ మట్టి, ఆ తర్వాత తెల్లపొడి. రాయి తగిలిందన్నారు. ఇల్లంతా అదురుతోంది. అలమారులో గ్లాసులు గలగలమంటున్నాయి. లోపల గదిలో పడుకున్న పిల్లకి ఈ అదురు మంచిదో కాదో అని నాకొక కొత్త బెంగ పట్టుకుంది.

వంద అయింది, నూట యాభై అయింది. పొడే తప్ప చెమ్మ లేదు. చుట్టుపక్కలవాళ్ళంతా గోడ దగ్గర చేరారు. ఎదురింటి మావయ్య, అంటే చుట్టం కాదు, పెద్దాయన కాబట్టి కాలనీ అంతా అలాగే పిలుస్తుంది, కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు. "మాకు రెండొందల నలభైకి పడ్డాది. మీకూ అక్కడే పడతాది, సూస్కో అమ్మాయ్" అన్నాడు. రెండు వందల నలభై దగ్గర అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పొడే వచ్చింది. నీళ్ళు పడనందుకు ఆయనకి ఎంత అవమానమైందంటే, కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు.

మూడు వందల దగ్గర ఏజెంటు చెయ్యెత్తాడు. మిషను ఆగింది. అంతసేపు ఆ హోరు విన్న చెవులకి ఆ నిశ్శబ్దం భయపెట్టింది. "మేడమ్, ఇక్కణ్ణుంచి రేటు మారతాది. ఏటి సెయ్యమంటారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఒక్క రాడ్డు" అన్నారు. గోడ దగ్గర జనం కూడా ఒక్క రాడ్డే కదా అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆశ నాకు మాత్రం లేదా? ఆ రాడ్డు సగం దిగేసరికి పొడి రంగు మారింది. ఏజెంటు గుప్పెడు తీసి పిసికి నా చేతిలో పెట్టాడు. ముద్దయింది. "తడి తగిలింది మేడమ్!" అన్నాడు. పెరట్లో ఒకటే కేకలు. మా అత్త చేతులెత్తి దండం పెట్టేసింది. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో రాడ్డు దింపారు. మళ్ళీ అదే చెమ్మ, అంతకన్నా ఎక్కువ లేదు. మరొకటి దింపారు. అదీ అంతే. బోరు కట్ట అయిపోయింది. కేసింగుకి ఇవ్వాల్సింది పక్కన పెడితే మా దగ్గర ఇంక మిగిలింది ఆస్పత్రి కట్టే.

"ఇప్పుడాపితే ఇంతసేపూ పెట్టిందంతా మట్టిపాలే మేడమ్. ఇంకో యాభై, మహా అయితే వంద" అన్నాడు ఏజెంటు. మా ఆయన నాకేసి చూశారు. "తీసుకురావే. కావాలంటే తర్వాత ఎవరినైనా అడుగుదాం" అన్నారు. ఎవరిని అడుగుతాం? అడగాల్సినవాళ్ళని ఇల్లు కట్టేటప్పుడే అడిగేశాం. అయినా లోపలికి నడిచాను. బీరువా ఉన్నది అమ్మాయి పడుకున్న గదిలోనే. తాళం తిప్పుతుంటే "అమ్మా, మంచినీళ్ళు" అంది. గ్లాసు అందిస్తూ దాని పాదాలు చూశాను. పొద్దున్నకన్నా పొంగాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. "పడ్డాయా అమ్మా నీళ్ళు?" అంది. "ఇంకా లేదు" అన్నాను. ఆ మంచం పక్కన నిలబడ్డప్పుడు నాకు ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తట్టింది. పెట్టింది ఎలాగూ తిరిగి రాదు, ఏడ్చినా రాదు. తీయబోయేది మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. పోయినదాన్ని కాపాడటానికి చేతిలో ఉన్నదాన్ని కూడా పంపిస్తున్నానంటే ఇంతకన్నా తెలివితక్కువ పని ఉండదు. బీరువా మళ్ళీ తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, బయటికొచ్చి "ఆపండి" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అరిచాను.

అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "తడి తగిలినాక ఆపీమంతావేటే? నోటికాడి కూడు తన్నేస్తన్నావు! రేపు పిల్లకి పురిటి నీల్లు ఎక్కణ్ణుంచి తెస్తావు, నీ కల్లల్లోంచా?" అని మా అత్త గుండెలు బాదుకుంది. ఎదురింటి మావయ్య "నీల్లు బేగి పడిపోయుండును, అన్యాయం సేసీసినావమ్మాయ్" అని కుర్చీ తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన చీపురు తీసుకుని గడప మీది పొడి ఊడవడం మొదలుపెట్టారు. ఆయన తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. లారీ రాడ్లన్నీ పైకి లాక్కుని, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది. పెరడంతా తెల్లగా మిగిలింది. ఆ తర్వాత రోజుల్లో నేను పడ్డ వేదన చెప్పనలవి కాదు. ఖాళీ డ్రమ్ము కనబడితే చాలు, తప్పు చేశానేమో అనిపించేది. రేపు కాన్పు మామూలుగా, నెలలు నిండి, పైసా ఖర్చు లేకుండా అయిపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలా అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు మళ్ళీ నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కన్నతల్లి భయపడాల్సిన విషయమా అది?

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం అమ్మాయికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి బీపీ ఎక్కడికో వెళ్ళిపోయింది. అప్పటికప్పుడు ఆపరేషన్ అన్నారు. ఆడపిల్ల పుట్టింది. నా వేళ్ళ కొసల నుంచి మోచెయ్యి దాకా ఎంతో, పిల్ల అంత. చూపించినట్టే చూపించి అద్దాల పెట్టెలోకి తీసుకెళ్ళిపోయారు. కౌంటరు దగ్గర కట్టమన్నారు, కట్టాం. మళ్ళీ కట్టమన్నారు, మళ్ళీ కట్టాం. పిల్ల తనంతట తను పాలు తాగిందని నర్సు వచ్చి చెప్పిన రోజున మా ఆయన చివరి బిల్లు కట్టి వచ్చి, నా పక్కన బెంచీ మీద కూలబడ్డారు. "సరిపోయాయే" అన్నారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పురిటి నీళ్ళంటారా, వాటికీ లోటు రాలేదు. మేం బిడ్డతో ఇంటికొచ్చిన పొద్దున్నే ఎదురింటి మావయ్య రోడ్డుకి అడ్డంగా ప్లాస్టిక్ గొట్టం లాక్కొచ్చి మా డ్రమ్ములో పడేశాడు. "పట్టుకోండి. పసిదానికి ట్యాంకరు నీల్లేటి?" అని కసిరినట్టు అన్నాడు. మా అత్త ఆ నీళ్ళు కాచి, పెద్ద చెంబుతో పోసి, పిల్ల ఒళ్ళు తోమి, ముక్కు లాగి, సాంబ్రాణి వేసింది. బోరు సంగతి మాత్రం వదల్లేదు. ఇంకో రెండు రాడ్లు దింపుంటే పడిపోయేవన్నది ఆవిడ వాదన. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అదే అంది. ఇప్పుడు కుళాయి వచ్చింది, రోజూ ఒక పూట వదులుతారు. ఆ మధ్య మా కుడిపక్క స్థలంవాళ్ళు బోరు వేస్తే మూడు వందల ఎనభైకి నీళ్ళు పడ్డాయి. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఎడమపక్క వాళ్ళు అయిదు వందలు దాటించినా చుక్క పడలేదు. ఆ పూట మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు.

మా బోరుకి మూత బిగించి చుట్టూ సిమెంటు చేయించేశాం. మోకాలెత్తు గొట్టం, పెరట్లో అలాగే ఉంది. మనవరాలు నిలబడటం నేర్చుకుంది దాన్ని పట్టుకునే. ఇప్పుడు సెలవులకొస్తే దాని మీద కాలు వేసి అటూ ఇటూ దూకుతుంది. మొన్నొచ్చినప్పుడు చెవి ఆనించి వింటూ "అమ్మమ్మా, దీన్లో ఏటుంది?" అంది. "తెలీదమ్మా" అన్నాను. నిజంగానే తెలియదు. కొన్నేళ్ళు పోతే ఏది సరో ఏది తప్పో కాలమే తేల్చేస్తుందని అప్పట్లో అనుకునేదాన్ని. ఇన్నేళ్ళైనా ఇది తేలలేదు, తేలకుండానే దాని పక్కన పిల్ల ఇంతెత్తు ఎదిగిపోయింది.